నాన్న చెరిపేసిన సుద్దగుర్తులు

మా చిన్నప్పుడు... ఆరంగ్ నుంచి రాయ్‌పూర్ వచ్చే దారిలో, పట్టపగలు, మా మామయ్య బండి బయల్దేరినప్పట్నుంచీ ఠాప్ ఠాప్‌మని పేలుతూ, చివరికి ఆగిపోయింది. అమ్మ ఒళ్ళో తమ్ముడు... గొంతు వాచి, ఊపిరి పీల్చినప్పుడల్లా పిల్లికూతలు. పెద్దాసుపత్రికి ఇంకా సగం దారి ఉంది.

మామయ్యది ఆరంగ్‌లో ధాన్యం వ్యాపారం. వెనక తొట్టి ఉన్న పాత పెట్రోలు బండి ఆయనది. నాన్న రాయ్‌పూర్‌లో రైల్వే ఫిట్టరు. ఆదివారం చుట్టపుచూపుగా వెళ్ళినా ఆయన చేతులు ఊరుకోవు కదా... ఆ పొద్దున్నే, ఎవరూ అడక్కపోయినా, ఆ బండి ఇంజను విప్పి కిరసనాయిలుతో తుడిచి బిగించారు.

పెట్రోల్లో కచరా పడిందన్నాడు మామయ్య. గొట్టాలన్నీ విప్పి ఊదాడు. ఆయన తంటాలు పూర్తయ్యేసరికి ఇంజను చల్లారిపోయింది. హ్యాండిల్ తిప్పితే అంటుకుంది గానీ మళ్ళీ అదే ఠాప్ ఠాప్... తమ్ముడి పెదాలు నల్లబడుతున్నాయి. నాన్న మాత్రం నోరు విప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ తమ్ముణ్ణి నా ఒళ్ళో పెట్టి, మరచెంబుతో దిగింది. ఇంజను పక్కన వరసగా నాలుగు పొగ గొట్టాలు. పెనం కాలిందో లేదో చూసినట్టు వాటిమీద నీళ్ళు చిలకరించింది. అటూ ఇటూ చివర్లవి సుయ్‌మన్నాయి. మధ్య రెండింటి మీద నీళ్ళు ఊరికే జారిపోయాయి.

"ఈ రెండూ కాల్లేదు సూడండి," అంది నాన్నతో.

నాన్న ముఖం పాలిపోయింది. రైల్వేలో ఏది విప్పినా ముందు సుద్దతో గుర్తు పెట్టుకుంటారు. ఇక్కడా పెట్టారు... తుడవడంలో ఆ గుర్తులూ పోయాయి. ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల తీగలు అందాజుగా తగిలించేశారు. బావమరిది ముందు ఆ మాట ఎలా చెప్పడమని అంతసేపూ దిగమింగుకుని కూర్చున్నారు.

"సూర్యం... బండిది తప్పు కాదు. మద్దె తీగలు రెండూ నానే తారుమారు సేసినాను," అన్నారు మామయ్యతో.

ఇద్దరూ కలిసి తీగలు మార్చారు. పేలుళ్ళు ఆగాయి. రాయ్‌పూర్ మొదట్లో తెలీబంధా చెరువు దాటుతుంటే తమ్ముడు కళ్ళు తేలేశాడు. ఆసుపత్రిలో ఊపిరి నిలబెట్టి, ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు.

తీగల మాట ముందే ఎందుకు చెప్పలేదని నాన్న బతికినన్నాళ్ళూ కుమిలారు. ఇప్పుడు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, నిజమే... కానీ నలుగురిలో "నేనే చేశాను" అనే మగవాణ్ణి మళ్ళీ చూసి ఎన్నేళ్ళయిందో. మీ ఇంట్లో ఎవరైనా అలా అన్నారా? ఉంటే రాయండి... చదువుకుంటాను.