పక్కీరమ్మా, పక్కీరవ్వా?

బళ్లారి బజారులో రాజలక్ష్మిది స్టీలు సామాన్ల అంగడి. పెళ్లయి వచ్చిన కొత్తలోనే గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్ చేతబట్టింది. తెలుగయినా కన్నడమయినా అచ్చు పోసినట్టు చెక్కుతుంది. చదువు మాత్రం హైస్కూలు గడప దాటలేదు. అందుకే కూతురు రూపశ్రీ జర్నలిజం చదువుతానంటే ఏ కాలేజీ మేలో చెప్పలేకపోయింది.

రూపశ్రీ పత్రికల్లో వచ్చిన ర్యాంకులన్నీ చూసింది. పోల్చి పోల్చి, బెంగళూరులో ఒక కాలేజీని అన్నిటికన్నా పైన, హుబ్బళ్లి దగ్గరి చిన్న కాలేజీని అట్టడుగున పెట్టింది.

"రెండూ కంటితో చూసొద్దాం పావే" అంది తల్లి.

బెంగళూరులో అద్దాల స్టూడియో చూసి రాజలక్ష్మి నోరు వెళ్లబెట్టింది. "ఈడే చేరవే" అంది. అక్కడి విద్యార్థిని ఒకామె నవ్వి, ఆఖరి ఏడాది దాకా కెమెరా ముట్టనివ్వరని చెప్పింది.

హుబ్బళ్లి కాలేజీలో ఉన్నది రేకుల గది. పిల్లలు తాము నడిపే కన్నడ పత్రికను అచ్చుకు పంపే హడావుడిలో ఉన్నారు. రేణుక అనే పెద్ద క్లాసు అమ్మాయి పేజీలు సరిచూస్తూ ఒకచోట ఆగింది. గోడ కూలి చనిపోయిన కూలిమనిషి వార్త అది. పైన పక్కీరమ్మ అని ఉంది, కింద పక్కీరవ్వ అని ఉంది.

"ఏది నిజం?" అనడిగింది. రాసిన పిల్ల తడబడింది. ప్రెస్సువాడు ఆలస్యమవుతోందని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. అయినా రేణుక పేజీ వదల్లేదు. పోయినామె కొడుక్కి ఫోన్ కలిపి, ముందు ఓదార్చి, తర్వాత మెల్లగా అడిగింది: "మీ అమ్మ పేరు ఎట్లా రాయాలన్నా?"

అవతల అతను ఏడుస్తూ ఒక్కో అక్షరమే చెప్పాడు. అందరూ పని ఆపి చూస్తుండగా రేణుక పైనున్న పేరును పక్కీరవ్వ అని దిద్దింది.

రాజలక్ష్మికి తన అంగడి గుర్తొచ్చింది. గిన్నె మీద పేరు తప్పితే కొన్నవాళ్లు అంగడికొచ్చి పోట్లాడతారు. చచ్చిపోయిన మనిషి ఎక్కడికొచ్చి అడుగుతుంది? అడగలేని మనిషి పేరు కోసం ఇంతమంది పని ఆపి కూర్చున్నారు! రోజూ పేపర్లో గబగబా దాటిపోయే పేర్ల వెనక ఇలాంటి పిల్లలుంటారని ఆమెకు ఏనాడూ తోచలేదు.

తిరుగు రైల్లో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

"ఏందిమా, గమ్మునుండావు?" అనడిగింది రూపశ్రీ.

"ఆ పాప చేసిందానికి మీ ర్యాంకుల్లో మార్కులుండాయా?"

"లేవు."

"హౌదా, అట్లనా!" అంది రాజలక్ష్మి. 

బళ్లారి దగ్గరపడ్డాక రూపశ్రీయే అంది, "హుబ్బళ్లిలోనే చేరతా మా."

చేరిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఫోన్ చేసింది. ఏదో పల్లెకు వార్త కోసం పోయి, తిరుగు బస్సెక్కి, మధ్యదారిలో దిగిపోయిందట.

"మళ్లీ వెనక్కి పోతాండా మా. ఒక అవ్వ పేరు సరిగా అడగల్యా."

పొద్దుగూకే వేళ ఇదేం పనే అని అరవబోయి రాజలక్ష్మి ఆగింది. "తోడెవరన్నా ఉండారా?"

"రేణుకక్క వస్తాండాది."

"అట్లయితే పో తల్లీ. అడిగేసి రా."