పదిహేనో రోజు స్కానింగు

మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు గుర్రాల ఫారంలో పనిచేసింది. గుమ్మంలోకి ముందు ఎండుగడ్డి వాసన వచ్చేది, తర్వాత ఆవిడ వచ్చేది. ఏ గుర్రం ఎదకొచ్చిందో తోక ఎత్తే తీరు చూసి చెప్పేసేది. ఫారం డాక్టరు కూడా, "పెద్దక్కని అడిగి రండి," అనేవాడట.

ఆవిడ చూసుకునే వాటిలో ఒక గోధుమరంగు ఆడగుర్రం ఉండేది. దాన్ని అందరూ మొండిది అనేవాళ్లు. దానికి వరసగా రెండేళ్లు ఎనిమిదో నెలలో చూలు పోయింది. రెండుసార్లూ కవలలే. ఆ నాలుగింటినీ పెద్దమ్మే గోనెపట్టాల్లో చుట్టి కంచె అవతల పాతిపెట్టింది.

"ఈసారీ నిలవకపోతే అమ్మేస్తాను," అన్నాడు యజమాని.

ఆ ఏడే ఫారానికి స్కానింగు మిషను వచ్చింది. మగగుర్రంతో దాటించిన పదిహేనో రోజున పెద్దమ్మ మొండిదాని తల పట్టుకుని నిలబడింది. డాక్టరు భుజందాకా తొడుగు వేసుకుని లోపల వెతికాడు. తెరమీద రెండు నల్లటి సున్నాలు.

"మళ్లీ కవలలే."

"అదే మనింట్లో అయితే మిఠాయి పంచేవాళ్లం," అంది పెద్దమ్మ.

"గుర్రం కడుపులో ఇద్దరికి చోటు చాలదు పెద్దక్కా. ఇప్పుడే ఒకదాన్ని నలిపేస్తే రెండోది నిలవొచ్చు."

"దేన్ని?"

"చిన్నదాన్ని."

"చిన్నదవడమే దాని తప్పన్నమాట. మా అత్తగారింట్లోనూ ఇదే న్యాయం."

డాక్టరు నవ్వలేదు. "గట్టిగా పట్టుకో. అది కదిలితే పెద్దదీ దక్కదు."

పెద్దమ్మ మొండిదాని దవడకి చెంప ఆనించి, ఆ పూట దాణాలో ఏమేం కలిపిందో వరసగా చెప్పడం మొదలుపెట్టిందట. చెప్పడం పూర్తయ్యేలోపే తెరమీద ఒక్క సున్నా మిగిలింది.

ఇరవై ఎనిమిదో రోజున మళ్లీ స్కానింగు. ఆ రోజు ఆవిడకి సెలవు. అయినా తడి జుట్టు ముడేసుకుని వెళ్లింది. తెరమీద ఆవగింజంత తెల్లచుక్క కొట్టుకుంటోంది. డాక్టరు మిషను కట్టేస్తానంటే, "ఉండు నాయనా, నీ సొమ్మేం పోయింది," అని ఇంకాసేపు చూసింది.

పదకొండో నెల నిండాక ఒక తెల్లవారుజామున మొండిది ఈనింది. కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి పెట్టి, రెండుసార్లు పడి, మూడోసారికి పిల్ల నిలబడింది. యజమాని భార్య శాలువా కప్పుకుని చూడడానికి వచ్చింది.

"ఎన్నాళ్లకి! మొత్తానికి మొండిది మొదటి పిల్లని కన్నది."

"ఆరోదమ్మా," అంది పెద్దమ్మ.

ఏ గుర్రంతోనో పొరబడిందనుకుని యజమాని భార్య నవ్వింది. పెద్దమ్మ పొడిగుడ్డ తీసుకుని పిల్ల చెవుల వెనక తుడవసాగింది.