నీలం మీద పసుపు పూసిన నాడు

ఆ రోజుల్లో ఉద్యోగం ఎంత చిన్నదైతే టెక్కు అంత పెద్దదిగా ఉండేది. కనీసం నాకుండేది. అరవైల మొదట్లో, గూడూరుకీ నాయుడుపేటకీ మధ్య మద్రాసు రోడ్డు మీదున్న మా ఊళ్ళో, పంచాయతీ ఆఫీసులో నేను ట్రేసర్ని. అంటే పెద్దవాళ్ళు గీసిన పటాలకు నకళ్ళు తీసి రంగులు వేసేవాణ్ణి. (ఎవరైనా అడిగితే మాత్రం ‘ఇంజనీరింగులో’ అని చెప్పేవాణ్ణి.) అప్పుడే ప్రభుత్వం వారికి మా ఊరి మీద దయ కలిగింది. లారీలు బజారు మధ్య నుంచి పోతుంటే జనం నలిగిపోతున్నారనీ, ఊరి బయట పొలాల మీదుగా బైపాసు వేస్తామనీ అన్నారు. రోడ్డు బయటికి పోతే అంగళ్ళూ దాని వెంటే పోతాయి, బజారు ఈగలు తోలుకుంటుంది. అలా కాకుండా ఊరికొక ప్లాను తయారైంది. నీలం వేసినచోట వ్యాపారం, పసుపు వేసినచోట ఇళ్ళు, ఆకుపచ్చ వేసినచోట సాగు. బజారుకు నీలం వేసి, బైపాసుకు రెండు పక్కలా ఆకుపచ్చ వేస్తే అంగళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయన్నమాట. ఆ రంగులన్నీ నేనే వేశాను. పటాన్ని ఆఫీసు గోడకు తగిలించి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి నెల గడువని దండోరా వేయించారు.

మొదటి అభ్యంతరం మా పిన్నే తెచ్చింది. బస్సులు ఆగే చోట ఇడ్లీ హోటలు నడిపి నన్ను చదివించిన మనిషి. పటం ముందు నిలబడి, ‘‘ఒరే అబ్బయ్యా, మన బజారుకి ఏందిరా ఆ రంగు? నీలం శనిది కాదంట్రా? ఊరంతా వదిలేసి మా నెత్తినే పెట్టినావే!’’ అంది. వెనకాలే వచ్చిన బట్టల కొట్టు శెట్టిగారు, ‘‘ఆ వెనకిళ్ళకేమో పసుపంట. శుభమంతా వాళ్ళకేనా?’’ అన్నారు. నేను వివరించాను. ఇంగ్లీషు ముక్కలు కలిపి మరీ వివరించాను, అందుకే ఎవరికీ అర్థం కాలేదు. ‘‘నీ చేతిలో కుంచె ఉండి గూడా మాకింత పసుపు పుయ్యలేవా?’’ అంది పిన్ని. అంతే, కరిగిపోయాను. ఆదివారం ఆఫీసు తాళం తీసి బజారు పొడుగునా పసుపు పూశాను.

నీలం మీద పసుపు పూస్తే ఏమవుతుందో బడిపిల్లలకు తెలుసు. ట్రేసరుకు ఆరాక తెలిసింది. బజారంతా ఆకుపచ్చగా తేలింది! తల పట్టుకుని కూర్చుంటే మర్నాడు బజారు జనమొచ్చి చూసి తెగ సంతోషించారు. ‘‘పచ్చంగా ఉండాదిరా, సల్లంగుండు!’’ అంది పిన్ని. మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే కదా. వాళ్ళే ఒప్పుకున్నాక నాకెందుకని నేనూ నోరు మూసుకున్నాను.

గడువు ఆఖరి రోజున నెల్లూరు నుంచి ఆఫీసరు వచ్చాడు. బజారు జనమంతా ఆఫీసులో చేరి కూర్చున్నారు. కళ్ళద్దాలు సర్దుకుని పటం చూసి, ‘‘బజారు సాగుభూమి అని ఉందే! ఇది ఖాయమైతే ఇక్కడ కొట్లకు లైసెన్సులు ఇవ్వరు. ఇంతకీ ఏం పండిస్తారమ్మా ఇక్కడ?’’ అన్నాడు, ఎదురుగా ఉన్న పిన్నితో.

‘‘ఇడ్లీలు సారూ! దినానికి మూడు కార్ల పంట కోస్తాం!’’

అందరూ ఘొల్లుమన్నారు. ఆఫీసరు నవ్వలేదు. పిన్ని మాట గట్టిగానే వచ్చింది గానీ, కళ్ళు మాత్రం పటం మీద తన హోటలు చోటునే వెతుకుతున్నాయి. పదేళ్ళ హోటలు నా కుంచె కింద పోతోందని ఆమెకు తెలిసిపోయింది. నాకు భయమేసింది, నిజం చెబుతున్నాను. ప్రభుత్వ పటం మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా లేచాను.

‘‘తప్పు నాది సార్. బజారుది నీలమే. పైన పసుపు నేనే పూశాను.’’

‘‘ఎవరు పుయ్యమన్నారు?’’

‘‘ఎవరూ అనలేదు సార్.’’

‘‘అబద్ధం సారూ!’’ పిన్ని లేచింది. ‘‘నేనే చెప్పినా. శని అయితే అయినాడు, మా నీలం మాకియ్యండి. నువ్వుల నూనె పోసి మేమే శాంతి చేసుకుంటాం. పిల్లోడి ఉద్యోగం మాత్రం తియ్యొద్దు.’’

ఆఫీసరుకు అప్పుడొచ్చింది నవ్వు. కొత్త కాగితం తెప్పించి, తన కళ్ళెదుటే మళ్ళీ వెయ్యమన్నాడు. బజారు మొత్తం నా భుజాల మీద వాలి చూస్తుండగా వేశాను. ‘‘మా కొట్టు దగ్గిర ఇంకాస్త చిక్కంగా వెయ్యప్పా’’ అన్నారు శెట్టిగారు. ఉద్యోగం పోలేదు, ఒక మెమోతో సరిపోయింది.

బైపాసు వచ్చింది. బజారూ ఉంది. పిన్ని హోటలు ఆమె ఉన్నన్నాళ్ళూ నడిచింది. అటు వెళ్ళినప్పుడల్లా పక్కనున్న వాళ్ళతో, ఈ బజారును కాపాడింది నేనేనని గొప్పలు పోతాను. ముంచబోయిందీ నేనేనన్న సంగతి చెప్పను. అప్పటి ఆ బక్క కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే, ఎంత భయపడ్డా పిన్ని కోసం లేచి నిలబడ్డాడు కదా వెధవ, అని ముచ్చటేస్తుంది.