అమావాస్య నాడు చాటలో కథలు

మా చిన్నప్పుడు... అమావాస్య వచ్చిందంటే గద్వాలలో మా ఇంట్లో మగ్గం ఆగిపోయేది. నేతపని వాళ్లకు అది సెలవు రోజు. చప్పుడు లేని ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు కాగానే జంపఖానా పరిచేవాళ్లు... ఒక్కొక్కరుగా రచయితలు దిగేవాళ్లు.

వనపర్తి నుంచి ఒక వకీలు సాబ్, నాగర్‌కర్నూల్ నుంచి ఒక తెలుగు పంతులు, లింగాల దిక్కు నుంచి ఒక రైతు... ఇంకా నలుగురైదుగురు. మా ఇంటి నుంచి మా మేనత్త. పగలంతా చీర నేసి, తీరిక దొరికినప్పుడు కథలు రాసేది.

ఆ రచయితల సంఘం ఎట్లా పుట్టిందో అత్త ఎన్నిసార్లు చెప్పిందో! వీళ్లు పంపిన కథలన్నీ పట్నం పత్రికల నుంచి తిరిగొచ్చేవట... మీ భాష అర్థం కావడం లేదని. అందరూ దిగాలుగా కూర్చుంటే అత్తే అన్నదట, "పట్నపోళ్లు ఇనకపోతె పాయె. మన మాట మనమన్న ఇనాలె గదా!" అని. ఒకరు రాసింది ఇంకొకరు వినడానికి... అందుకే పెట్టుకున్నారు ఆ సంఘాన్ని.

వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. రాసిన కాగితాలు పేరు లేకుండా మడిచి మా నాయనమ్మ చాటలో వేయాలి. ఎవరి చేతికి ఏది వస్తే వాళ్లు దాన్ని చదవాలి. రాసిన మనిషి మాత్రం నోరు విప్పకూడదు... మెచ్చుకున్నా, తిట్టినా. అక్షరాలు చూస్తే ఎవరివో అందరికీ తెలిసిపోయేదే... అయినా ఏమీ తెలియనట్టు కూర్చునేవాళ్లు మహానుభావులు!

ఒక అమావాస్యకు నేనూ ఎవరూ చూడకుండా ఒక కాగితం వేశాను. మా బర్రె తప్పిపోయి దొరికిన కథ... మొత్తం నాలుగు వాక్యాలు. అది వకీలు సాబ్ చేతికే వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని కోర్టులో చదివినంత గంభీరంగా చదివాడు. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు.

పంతులు అన్నాడు, "బర్రె దొరికిందన్నరు, బాగనే ఉంది. గని అది ఎట్ల తప్పిపోయిందో చెప్పలే. గది చెప్తె కథ నిలబడ్తది."

పెదాలు బిగబట్టి కూర్చున్నాను. లోపల మాత్రం ఏనుగెక్కినంత సంతోషం. నేను రాసింది అంతమంది పెద్దవాళ్లు చెవులిచ్చి విన్నారు మరి!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను... కడుపు మండి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఆ పాతవాళ్లలో ఇప్పుడు మిగిలింది మా అత్త ఒక్కతే. సంఘం పేరు మాత్రం ఇంకా ఉంది. వార్షికోత్సవం వనపర్తిలో, ఫంక్షన్ హాల్లో అని, తప్పకుండా రావాలని కార్యదర్శిగారు ఫోన్ చేశారు. అత్త ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ ఒక కథ రాసింది. చూపు సరిగా ఆనదు కదా... ఒక్కో అక్షరం రేగుపండంత. "నాది వేరేటోళ్లు సదువుతరు, నేను ఊకె కూసుంట" అని ఒకటే సంబరం.

పోయాం. ముఖ్య అతిథి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ తర్వాత శాలువాలు... కప్పినవాళ్లకు కప్పించుకున్నవాళ్లు, కప్పించుకున్నవాళ్లకు కప్పినవాళ్లు. ఫోటో సరిగా రాలేదని ఒకాయనకు రెండోసారి కప్పారు. అబద్ధం కాదు, నా కళ్లతో చూశాను!

అత్తనూ పిలిచారు. శాలువా, దండ, జ్ఞాపిక... అన్నీ చేతిలో పెట్టారు. ఆమె కొంగులోంచి కథ తీసి ఇవ్వబోతే కార్యదర్శిగారు ఆమెను ఫోటోగ్రాఫర్ వైపు తిప్పి, "కథ మల్ల చూద్దాం లే అవ్వా, భోజనాలు సల్లారుతున్నయి" అన్నారు.

తిరుగు బస్సులో అత్త ఆ కథ కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది, "ఏంది బిడ్డా... ఇప్పుడు సంఘంల కథలు సదువరా?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇటియ్యి అత్తా" అని కాగితాలు లాక్కుని అక్కడే గట్టిగా చదవడం మొదలుపెట్టాను. సగం నేసిన చీర మగ్గం మీదే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచిపోయిన ఒక కోడలి కథ. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది... పాత పద్ధతి ప్రకారం, తనది కానట్టే.

ముందు సీట్లో, గోపాల్‌పేట నుంచి వస్తున్న ఆమె ఒకతె వెనక్కి తిరిగి మరీ విన్నది. పెబ్బేరులో ఆమె దిగాలి. కథ ఇంకా అయిపోలేదు. దిగింది కానీ పోలేదు... కిటికీ కిందికొచ్చి నన్నడిగింది, "ఓ అక్కా, జర చెప్పిపో! ఆ కోడలు మల్ల వచ్చిందా, లేదా?"

నేను నోరు తెరిచేలోపే అత్త కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది, "వచ్చిందమ్మా! వచ్చి ఆ చీర తనే నేసింది!"

అన్నేళ్లలో అత్త పద్ధతి తప్పడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం సంఘం వాట్సాప్ గ్రూపులో అత్త ఫోటో పెట్టారు. కింద వరసగా దండాలు, పూలగుత్తులు. అందులో ఉన్నవాళ్లందరూ రచయితలే. ఆమె ఏం రాసుకొచ్చిందని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

మీ ఊళ్లోనూ ఇట్లాంటి సంఘం ఉండేదా? అక్కడ మీరు విన్నది ఏదైనా గుర్తుంటే కింద రాయండి... పేరు పెట్టకపోయినా ఫరవాలేదు, నేను చదువుతాను. అత్తకూ వినిపిస్తాను. శాలువా బీరువాలో పడి ఉంది. ఆమె మాత్రం ఇంటికి ఎవరొచ్చినా పెబ్బేరు ముచ్చటే చెప్తోంది... "బస్సు దిగినంక గూడ అడిగింది బిడ్డా, ఏమైందని!"