ఆకాశానికి మొహమాటం లేదు

మా పక్కింటి అంకుల్ పోయారన్న కబురు నాకు ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నేను రైల్వే కంట్రోల్ రూములో పనిచేస్తాను. డ్యూటీలో ఫోను బయటి లాకర్‌లో పెట్టాలి కాబట్టి వాళ్లబ్బాయి చేసిన కాల్ నాకు అందలేదు. బ్రేక్‌లో ఫోను తెరిస్తే ముందు కనబడింది ఆ మెసేజే. దాని పైన ఎవరో గోంగూర మటన్ ఆర్డర్లు తీసుకుంటున్నారు, కింద ఇంకెవరో బ్లాక్‌టౌన్‌లో గది అద్దెకిస్తామంటున్నారు. మధ్యలో మా అంకుల్. అందరికంటే ముందు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది మన తెలుగు సంఘం ప్రెసిడెంట్ గారు. పక్కన ఒక వాక్యం కూడా రాశారు: ‘మన పైలట్, మన గర్వం.’

ఛీ! చదవగానే రోత పుట్టింది. ఎందుకు పుట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవారి గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. అంకుల్ గురించి మెత్తగానే రాస్తాను, మిగతావాళ్ల గురించి మాత్రం నా వల్ల కాదు.

అంకుల్‌ది కాకినాడ. వయసులో ఉన్నప్పుడు సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరు. ఈ పరాయి దేశంలో, టూంగాబీలో మా పక్కింటికి వచ్చేసరికి రిటైరై, ఆంటీని కూడా పోగొట్టుకుని ఒంటరిగా ఉన్నారు. ఉదయం లేచి మా కంచె మీదుగా కరివేపాకు రెబ్బలు అందించడం, మా చెత్త డబ్బాలు కూడా ఆయనే వీధిలోకి లాగిపెట్టడం, ఇదీ ఆయన దినచర్య. అరవై దాటాక విమానం నడపడం నేర్చుకున్నారు. బడాయికి కాదు. ఓడలో ఉన్న రోజుల్లో ఒకసారి నార్వే తీరంలో, రెండు కొండల మధ్య నుంచి ఒక చిన్న విమానం దిగడం చూశారట. అందులోంచి ఒకావిడ కూరగాయల సంచి పట్టుకుని దిగి, బజారు నుంచి వస్తున్నట్టు ఇంటికి నడిచి వెళ్లిపోయిందట. “ఆ నీళ్లన్నీ కింద నుంచి చూశానమ్మాయ్, ఒక్కసారి పైనుంచి చూడాలి,” అనేవారు. ఆయనకున్న కోరిక అదొక్కటే.

రెండేళ్లపాటు ఆయన భోజనాల బల్ల మీద భోజనం పెట్టే చోటు లేదు. అన్నీ మ్యాపులే. డెన్మార్క్‌లో నాలుగు సీట్ల విమానం అద్దెకు తీసుకుని, స్వీడన్ మీదుగా నార్వే తీరం పట్టుకుని పైదాకా వెళ్లి, ఫిన్లాండ్ మీదుగా తిరిగి రావాలి. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించని రోజులుంటాయి కదా, ఆ రోజుల్లోనే వెళ్లాలి. మన లైసెన్సు అక్కడ చెల్లేలా చేసుకోవడానికే నెలలు పట్టింది. సముద్రం మీద పొగమంచు కమ్మితే ఎక్కడ దిగాలి, చన్నీళ్లలో పడితే ఒళ్లు కొయ్యబారకుండా ఏ బట్టలు వేసుకోవాలి, ఏ దీవిలో పెట్రోలు దొరుకుతుంది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. “తిరిగొచ్చే దారి ముందు చూసుకోవాలి. వెళ్లే దారి ఎలాగూ కనిపిస్తుంది,” అనేది ఆయన మాట.

పక్క సీట్లో కూర్చుని మ్యాపు చూస్తూ రేడియో అందుకోవడానికి ఒక మనిషి కావాలి. రోజంతా రైలు డ్రైవర్లతో రేడియోలో మాట్లాడే ఉద్యోగం నాది, అందుకే నన్ను అడిగారు. మా ఆయన లిఫ్ట్ ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి. “నువ్వెళ్లు తల్లీ, నేను ఫొటోలు చూసి ఆనందిస్తాను,” అన్నాడు. వెనక రెండు సీట్లకి ప్రెసిడెంట్ గారు, ఆయన బావమరిది తయారయ్యారు.

వచ్చిన చిక్కంతా తూకం దగ్గర వచ్చింది. చిన్న విమానంలో మనుషుల బరువు, సామాను బరువు, పెట్రోలు బరువు అన్నీ కలిపి లెక్క కుదరాలి. ఒక ఆదివారం అంకుల్ అందర్నీ పిలిచి, టిఫిన్ పెట్టకముందే హాల్లో కాటా పెట్టారు. ముందు తనే ఎక్కారు. తర్వాత నేను చెప్పులతో సహా ఎక్కాను. ప్రెసిడెంట్ గారి మొహం మాడిపోయింది.

“ఏంటండీ ఇది, సంతలో మేకపోతుని తూచినట్టు! ఎయిటీ అని ఆల్రెడీ చెప్పాను కదా. నా మాట బిలీవ్ చెయ్యరా?”

“నేను నమ్ముతానండీ. రెక్కలు నమ్మవు,” అన్నారు అంకుల్. “మొహమాటం మనకే గానీ ఆకాశానికి లేదు. ఎక్కండి.”

ఎక్కారు. ముల్లు తొంభై దాటి ఇంకా ఊగుతూనే ఉంది. బావమరిది మాత్రం షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి, అటే వరండాలోకి జారుకున్నాడు.

పార్సిళ్ల భాగోతం ఇంకోటి. మనవాళ్లకి ఎవరైనా ప్రయాణమవుతున్నారంటే చాలు, కాళ్లు చేతులు ఆగవు కదా. స్టాక్‌హోమ్‌లో తమ్ముడికి ఆవకాయ, ఆస్లోలో మరదలికి సున్నుండలు! ఒకావిడ ఏకంగా గ్రైండర్ మోసుకొచ్చింది. “హెల్సింకీలో మా అమ్మాయికి అంకుల్, చిన్నదే, టేబుల్‌టాప్. ప్లీజ్, కాదనకండి.” అంకుల్ దాన్ని ఒకసారి ఎత్తి చూసి దింపారు. “దీన్ని ఎక్కించాలంటే పెట్రోలు దింపాలి తల్లీ. సముద్రం మధ్యలో ఇంజిన్ ఆగితే, దీంట్లో పిండి రుబ్బుకుంటూ కూర్చోమంటావా?” ఒక్క పార్సిలూ తీసుకోలేదు. ఆ దెబ్బతో ఆయన పొగరుబోతు అయిపోయారు.

ప్రెసిడెంట్ గారు, బావమరిది ఇద్దరూ మానుకున్నారు. అంకుల్ ఏమీ బాధపడలేదు సరికదా చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. “ఇద్దరమే అయితే ట్యాంకులు నిండుగా నింపుకోవచ్చమ్మాయ్! ఇంకా పైదాకా పోవచ్చు!” అని ఆ రోజే మ్యాపు మీద గీత పొడిగించారు.

ఇక రోత ఇక్కడ మొదలవుతుంది. ఒక గృహప్రవేశంలో నేను ప్లేట్లు అందుకోవడానికి వంటింట్లోకి వెళ్తుంటే లోపల మాటలు వినపడ్డాయి. తూకం అంతా నాటకమట. అడ్డున్నవాళ్లని తప్పించడానికే కాటా పెట్టారట. పెళ్లాం పోయిన ముసలాయనకి, మొగుడున్న ఆడదానికి రాత్రి పడని ఊళ్లలో ఏం పని అట. “ప్రెసిడెంట్ గారే అన్నారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?” అంటోంది ఒకావిడ, పులిహోర కలుపుతూ.

నేను లోపలికెళ్లి అనాల్సిన నాలుగు మాటలూ అన్నాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే పడీపడీ నవ్వాడు. “లోకులు పలుగాకులు, వదిలెయ్. అంకుల్ చెవిన మాత్రం పడనివ్వకు, ఆయన తట్టుకోలేరు,” అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అంకుల్ దగ్గర నోరెత్తలేదు.

కొన్నాళ్లకి అంకుల్ కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చేతిలో కరివేపాకు లేదు. “ప్రయాణం మానేద్దాం అమ్మాయ్. పైలట్లకి చేసే మెడికల్ పరీక్షలో కన్ను దెబ్బ కొట్టింది. డాక్టరు వద్దన్నాడు,” అన్నారు. నేను నమ్మాను. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక, వండిన గుత్తొంకాయ కూర గిన్నెలో పెట్టి ఇచ్చాను. మర్నాటికి బల్ల మీద మ్యాపులు లేవు. అక్కడ సూర్యుడు అస్తమించని వారాలు వచ్చేసరికి, భూమధ్యరేఖకి కిందున్న మా దగ్గర చలికాలం, అందులో ఆయనకి న్యుమోనియా పట్టుకుంది. ఆసుపత్రి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు.

సంస్మరణ సభ హాల్లో ఆయన ఫొటోకి దండ వేసి పెట్టారు. ఆయనకి విమానం నేర్పిన ఇన్‌స్ట్రక్టర్, ఒక పెద్దావిడ, ఫ్లయింగ్ క్లబ్బు నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. మాటల్లో నేను ఆయన కన్ను సంగతి ఎత్తితే వింతగా చూసింది. కన్నా? ఆయన మెడికల్ శుభ్రంగా పాసయ్యాడే, జబ్బు పడే ముందు వారం కూడా ఒక్కడే ఎగిరాడే, అంది. తోడు రావాల్సినవాళ్లు రాలేకపోయారని, అందుకే ప్రయాణం మానుకున్నానని తనతో చెప్పాడట.

లేచి వాళ్లబ్బాయిని పక్కకి పిలిచాను. దూరాన వేరే ఊళ్లో, సన్నీబ్యాంక్‌లో ఉంటాడు, నన్ను అక్కా అంటాడు. నేలచూపులు చూస్తూ చెప్పాడు.

“ప్రెసిడెంట్ అంకుల్ నాకు కాల్ చేశాడక్కా. పీపుల్ ఆర్ టాకింగ్, మీ నాన్నకి చెప్పు అని. నేను నాన్నకి చెప్పేశాను. ఆయన ఒక్కటే అడిగాడు, ‘అమ్మాయి చెవిన పడిందా?’ అని. లేదులే నాన్నా అన్నాను. ‘అయితే పడకుండానే చూద్దాం’ అన్నాడు. దట్స్ ఇట్.”

మీరే చెప్పండి, దీన్నేమనాలి? నేను విన్నాను, దులిపేసుకున్నాను. ఆయనా విన్నారు. ఆయన బాధపడతారని నేను, నేను బాధపడతానని ఆయన, కంచెకి చెరోపక్క నోరు మూసుకుని కూర్చున్నాం. ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఎవరో ఒకరం అనుంటే ఆ కొండల మీదుగా ఎగిరేవాళ్లం. కాటా ముందు ఎవరికీ తలవంచని మనిషి నా పరువు కోసం వంచారు. నన్ను అడగలేదు. మీ మీద కూడా కోపమే అంకుల్, ఏం చెయ్యను.

వేదిక మీద ప్రెసిడెంట్ గారు కళ్లొత్తుకుంటూ, వయసు సహకరించక ఆయన కల నెరవేరలేదని వాపోతున్నారు. పక్కింటి అమ్మాయి రెండు మాటలు చెప్పాలని నన్ను పిలిచారు. మైకు అందుకున్నాను.

“అంకుల్ కళ్లు బాగానే ఉన్నాయి. ఆయన మెడికల్ పాసయ్యారు. ఆయన్ని ఆపింది వయసు కాదు. ఈ వేదిక మీదా, ఈ ముందు వరసలోనూ ఉన్న నోళ్లు.”

“ఇదా టైమ్ అమ్మా?” అన్నారు ప్రెసిడెంట్ గారు గొంతు తగ్గించి.

“ఆయన ఉన్నప్పుడు మీరు టైమ్ చూశారా?” అన్నాను. మా ఆయన వెనక నుంచి వచ్చి నా హ్యాండ్‌బ్యాగు తీసుకుని, “పద,” అన్నాడు. భోజనానికి ఉండకుండా వచ్చేశాం.

ఆ శనివారం ఇన్‌స్ట్రక్టర్ నన్ను క్లబ్బుకి రమ్మంది. అంకుల్ నడిపిన చిన్న తెల్ల విమానం షెడ్డులో ఉంది. ఆయన చివరిసారి దింపాక ఇంజిన్ పనికని పక్కన పెట్టేశారట, మళ్లీ ఎవరూ ఎక్కలేదట. తలుపు తీసి చూపించింది. పైలట్ సీటు పూర్తిగా ముందుకి జరిపి ఉంది. ఆయన పొట్టి కాళ్లు పెడల్స్‌కి అందాలి కదా.

దాన్ని వెనక్కి జరిపి నన్ను అందులో కూర్చోమంది. వద్దన్నాను. అటు తిరిగి వెళ్లి కుడివైపు తలుపు తెరిచి, ఆయన నాకని ఉంచిన సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నాను.