ఒక్కపొద్దు మడి పచ్చబడిన యాసంగి

నేను పరిశోధన ఫారంలో పనికి చేరింది ఎనభై ఆరో సంవత్సరం, మృగశిర అంటారే, ఆ మిరుగు కార్తె వెళ్లిన వారానికి. సిద్దిపేట నుంచి చిన్నకోడూరు వైపు వెళ్లే దారిలో ఉండేది ఆ ఫారం. మా ఇంటాయన పోయి అప్పటికి ఏడాది. చేరినప్పుడు నా హోదా దినకూలీ. తర్వాత మేస్త్రమ్మను, అంటే ఆడకూలీల జట్టుకు పెద్దను అయ్యాను. చివరికి పర్మనెంటు మజ్దూరుగా రిటైరయ్యాను. నాకు సంతకం వరకే వచ్చు కనుక నేను చెబుతున్నాను, వేరేవాళ్లు రాస్తున్నారు. సిగ్గుపడి ఒక్క ముక్క వదిలేసినా ఊరుకోనని వాళ్లకు ముందే చెప్పాను. ఈ సంగతంతా సిగ్గు దగ్గరే ఉంది మరి.

ఫారంలో ఒక పెద్ద పరీక్ష నడిచేది. వానాకాలం వరి, యాసంగి గోధుమ, మళ్లీ వరి, మళ్లీ గోధుమ. అవే మళ్లు, అదే తీరు, ఏళ్లకు ఏళ్లు. మా వైపు గోధుమ ఎవరు వేస్తారు? మొదటి ఏడు మొలకలు చూసి మా ఎల్లవ్వ గరిక అనుకుని ఒక సాలు పీకి గట్టు మీద పారేసింది. ఎల్లవ్వ నాకంటే పదేళ్లు పెద్ద, నోటికి తాళం లేని మనిషి. "గడ్డి లెక్క మొలిస్తె గడ్డే అనుకుంటరు గని, పండుగకు పూరీలైతదని నాకేమెరుక?" అని సారుతోనే అన్నది.

పరీక్ష తీరు ఇది. కొన్ని మళ్లకు యూరియా, సూపర్, పొటాష్ మాత్రమే వేస్తారు. కొన్నింటికి పశువుల పెంట ఒక్కటే. కొన్నింటికి సగం అది, సగం ఇది. ఇవి కాక ఏమీ వేయని మడి ఒకటి ఉంటుంది. ఒక్కో రకం మడి నాలుగు చోట్ల ఉండేది. ఏది ఎక్కడన్నది చీటీలు వేసి తేల్చారు, ఆ జాగ మంచిదై పండిందని రేపు ఎవరూ అనకుండా. మాకు చదువు రాదని మడికో రంగు గూటం పాతారు. యూరియాకు ఎర్రది, పెంటకు నల్లది, కలిపినదానికి పసుపుది, ఏమీ వేయనిదానికి తెల్లది. ఒక మడి నీళ్లు ఇంకో మడిలోకి పోకూడదని ఒక్కో మడికి ఒక్కో బోదె తీశారు. బోదె అంటే జానెడు వెడల్పు పిల్లకాలువ. ఆ బోదెల విషయం గుర్తుంచుకోండి.

తెల్ల గూటం మడిని సార్లు కంట్రోల్ ప్లాటు అనేవారు. మేము ఒక్కపొద్దు మడి అనేవాళ్లం. ఒక్కపొద్దు ఉన్న మనిషైనా ఏదో ఒక పూట ఇంత తింటాడు, దానికి అదీ లేదు. కానీ మిగతా మళ్లకు వేసినదాని గొప్ప ఎంతో తేలాలంటే దీని ఆకలిని పక్కన పెట్టి చూడాలి. అందుకే పరీక్ష మొత్తంలో దానికే కాపలా ఎక్కువ.

నాలుగైదేళ్లు గడిచాక తేడా కాగితం కంటే ముందు మా చేతులకు తెలిసింది. ఎర్ర గూటం మళ్లు మొదట్లో బ్రహ్మాండంగా పండాయి. పోనుపోను నేల గట్టిపడి, కలుపు పీకితే ఆకు చేతికొచ్చి వేరు లోపలే ఉండిపోయేది. నల్ల గూటం మళ్లు మొదట్లో బక్కగా ఉండి, తర్వాత తర్వాత మెత్తబడి, వేరు మట్టితో సహా లేచి వచ్చేది. అన్నింటికంటే పసుపు గూటానివి నిలకడగా పండేవి. ఒక్కపొద్దు మళ్లు నాలుగూ ఏటేటా కొంత తగ్గుతూ వచ్చాయి. ఉండవలసిన తీరు అదే.

తొంభై రెండు యాసంగిలో ఆ తీరు తప్పింది. మూడు ఒక్కపొద్దు మళ్లలో గోధుమ పచ్చకామెర్లు వచ్చినట్టు జానెడెత్తున నిలబడి ఉంది. వావిలి చెట్ల కంచె పక్కన ఉన్న నాలుగో మడి మాత్రం మోకాలెత్తు లేచి, నల్లగా నిగనిగలాడుతోంది. పరీక్ష చూసే అధికారి రామ్మోహన్ సారు ఆ ఏడే గుంటూరు వైపు నుంచి వచ్చాడు. పెళ్లి కూడా కాని మనిషి. పై ఆఫీసు నుంచి తనిఖీ బృందం వచ్చేది మూడు వారాల్లో. ఆయన ఆ మడి చుట్టూ నాలుగుసార్లు తిరిగి, గోదాము కాడి కనకయ్యను పిలిపించాడు.

కనకయ్య వాచ్‌మన్. ఎరువుల గోదాము తాళంచెవి పదేళ్లుగా అతని మొలతాడుకే ఉండేది. పర్మనెంటు చేయమని అతని ఫైలు అప్పుడే పైకి పోయింది.

"నిజం చెప్పు కనకయ్యా. ఆ మడిలో యూరియా చల్లిందెవరు?" అని అడిగాడు సారు.

"నేనెందుకు జల్లుత సారూ? మా ఇంటి మడికే దిక్కు లేదు, సర్కారు మడికి జల్లుతనా?"

ఈ జవాబు సారుకు ఎగతాళిగా తోచింది. తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. బృందం వచ్చేదాకా ఇంట్లో ఉండమన్నాడు, వాళ్లు వచ్చాక పనిలోంచి తీసేయమని రాస్తానన్నాడు. కనకయ్య రుమాలు దులిపి భుజాన వేసుకుని, ఎవరి మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం సద్దులు విప్పుకుని కూర్చున్నాం. పద్దెనిమిది మందిమి ఒకరినొకరు చూసుకుంటున్నాం. సంగతి మాకు తెలుసు. ఫారంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఒంటికి రోడ్డు అవతల తుమ్మచెట్లలోకి పోయేవాళ్లం. ఆ ఏడు వానాకాలం రాకముందు ఆ భూమి ఆసామి తుమ్మలు కొట్టించి ముళ్లకంచె వేశాడు. అప్పటి నుంచి వావిలి కంచె చాటుకు మళ్లాం. అక్కడ కూర్చునే జాగ పొడుగునా నాలుగో ఒక్కపొద్దు మడి బోదె పోతుంది. నీళ్లు వదిలిన ప్రతిసారీ మా పుణ్యమంతా కడుక్కుని తీసుకుపోయి, చుక్క పక్కకు పోకుండా, ఆ ఒక్క మడికే పోసింది. బర్రె ఉచ్చ పోసే మూల గరిక ఎట్లా ఏపుగా ఉంటుందో చూసిన వాళ్లమే అందరం. ఒక్కరికీ ముందు తట్టలేదు.

"సారుకు చెప్పాలె," అన్నాను.

"ఏమని చెప్తవే రాజవ్వా?" అన్నది ఎల్లవ్వ. "సారూ, మేము మస్తుగ పోస్తున్నం, మీ గోధుమ మస్తుగ పెరుగుతుందని చెప్తవా? ఆ పోరడు గీడనే పడి సస్తడు."

అయినా వెళ్లాను. ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, ఆ మూలన ఏముందో ఒకసారి చూడమన్నాను. ఏముందని అడిగాడు. నోరు రాలేదు. వావిలి చెట్లున్నాయన్నాను. సారు మొహం వెలిగిపోయింది. రాలిన వావిలాకు ఎరువై ఉంటుందని రెండు రోజులు ఆకులు ఏరించి, తూకం వేసి, రాసుకున్నాడు. మూడో రోజు, ఆ కంచె పక్కనే ఇంకో మూడు మళ్లు ఉన్నాయనీ, వాటిలో ఏ తేడా లేదనీ చూసి ఆకులన్నీ పారబోయించాడు. కనకయ్య మీద అనుమానం ఇంకా గట్టిపడింది. నేను చేసిన సాయం అది.

అప్పుడు నాకు సార్లు మాకు రోజూ చెప్పే పాఠమే గుర్తొచ్చింది. ఒకదాని గుణం తెలియాలంటే అది ఒక్కటే మార్చు, మిగతావన్నీ ఉన్నట్టే ఉంచు. తాళంచెవి సారు జేబులో ఉంది. కనకయ్య ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడు ఇంకో ఒక్కపొద్దు మడి పచ్చబడితే?

రెండో ఒక్కపొద్దు మడి బోదె పాత పంపు గది వెనక నుంచి పోయేది, అక్కడా చాటు ఉంది. మర్నాడు జట్టును పిలిచి, వావిలి వైపు ఎవరూ పోవద్దని, ఇక నుంచి పంపు గది వెనకేనని మేస్త్రమ్మ హోదాలో హుకుం ఇచ్చాను.

"నడువుండ్రి, డ్యూటీ మారింది," అని ఎల్లవ్వ కొంగు దోపింది. "ఎక్కువ నీళ్లు తాగుండ్రి. కనకన్న నౌకరి మన కడుపులల్ల ఉన్నది."

ఆ వారంలో గోధుమకు ఒక తడి పారించే వంతు ఉంది. పారింది. ఇంకో తడికి పది రోజులుంది. రెండో తడికి ముందే, నీళ్లు దిగే మూల నుంచి సగం మడి దాకా రంగు తిరిగింది.

రామ్మోహన్ సారు అది చూసిన పొద్దున నేను పక్క మడిలోనే కలుపు తీస్తున్నాను. ఆయన చెయ్యి దానంతట అదే జేబు మీదికి పోయింది, తాళంచెవి ఉందా లేదా అని. లేచి దగ్గరికి పోయాను.

"సారూ, తాళంచెవి యాడున్నది?"

"నా దగ్గరే ఉందమ్మా."

"మరి కనకన్న?"

"వాళ్లింట్లో."

"గట్లయితే ఈ మడికి యూరియా ఎవలు జల్లిన్రు?"

జల్లింది మేమే, కానీ అది యూరియా కాదన్నాను. అప్పటికీ ఆయనకు అర్థం కాలేదు. వెనక నుంచి ఎల్లవ్వ అందుకుంది. "పద్దెనిమిది మందిమి ఆడోళ్లం సారూ. పొద్దుగూకెదాక ఈడనే ఉంటం. ఒంటికి యాడికి పోవాలె, మీ ఆఫీసులకా? మీ బోదె పక్కన కూసుంటున్నం."

సారు చెవులు ఎర్రబడ్డాయి. అయినా శాస్త్రం చదివిన మనిషి కదా, అలవాటుగా ఫీల్డు పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, "రోజుకు ఎన్నిసార్లు?" అని అడిగాడు. అడిగాక తను ఏమడిగాడో తెలిసి, పుస్తకం మూసి, గట్టెక్కి గబగబా వెళ్లిపోయాడు. మేము మడిలోనే కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం.

ఒక్క మాట ఆయన గురించి చెప్పాలి. ఆ మధ్యాహ్నమే తన స్కూటర్ మీద వెళ్లి కనకయ్యను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు, అందరి ముందు తాళంచెవి చేతికిచ్చాడు. కనకయ్య కారణం అడిగాడు. సారు నా వైపు చూపించాడు. నేను చెప్పాను.

"పదేండ్ల నా ఇజ్జత్ తీసింది మీ ఉచ్చనా?" అన్నాడు కనకయ్య.

"నిలబెట్టింది గూడ గదే," అన్నది ఎల్లవ్వ.

వారం రోజులు మాతో మాట్లాడలేదు అతను. వావిలి కంచె వైపు వెళ్లవలసి వస్తే అంత దూరం నుంచే దగ్గేవాడు.

తనిఖీ బృందం వచ్చింది. అందులో అందరికంటే పైవాడు పెద్ద సారు, తల నెరిసిన మనిషి, ఎన్నో చోట్ల ఇలాంటి పరీక్షలు పెట్టించినవాడు. రామ్మోహన్ సారు ఇంగ్లీషులో చెబుతుంటే బృందంలో ముగ్గురు ఒకేసారి తిరిగి మమ్మల్ని చూశారు. పెద్ద సారు నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు, అప్పుడు మొహంలో నవ్వు లేదు. మొదటి మడిని తెలియక పాడు చేశారు, రెండోదాన్ని తెలిసే పాడు చేశావు అన్నాడు. ఆరేళ్లు ఆకలితో ఉంచి కాపాడినదాన్ని మూడు వారాల్లో లెక్కకు పనికిరాకుండా చేశావన్నాడు.

"కనకన్న నౌకరి పోతుండె సారూ," అన్నాను.

నోటితో చెప్పి ఉంటే అతని నౌకరీ నిలిచేది, మడీ నిలిచేది అన్నాడాయన. అది నిజమే. కానీ నాకూ కోపం వచ్చింది.

"మేము నోటితోని చెప్తె ఇనేటోళ్లుంటే, దొడ్డి ఆరేండ్ల కిందనే కట్టిస్తుండిరి గద సారూ."

నన్ను తీసేస్తారనుకున్నాను. పెద్ద సారు ఫీల్డు పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఆ రెండు మళ్ల దిగుబడి అనివార్య కారణాల వల్ల వదిలేస్తున్నామని రామ్మోహన్ సారు అందులో రాసి ఉన్నాడట. పెద్ద సారు ఆ మాట కొట్టేసి వేరే మాట రాసి, నాకు తెలుగులో చదివి వినిపించాడు. "ఆడ కూలీలకు మరుగుదొడ్డి కట్టించనందువల్ల." కింద సంతకం పెట్టాడు.

వచ్చే వానాకాలానికి రేకు తలుపులతో రెండు గదులు లేచాయి. పాడైన మళ్లు రెండూ మళ్లీ పూర్తిగా ఆకలికి రావడానికి ఇంకో రెండు వరికోతలు పట్టింది. అంతవరకు మిగిలిన రెండు ఒక్కపొద్దు మళ్ల మీదే పరీక్ష నడిచింది. మనిషిని కాపాడటానికి మడిని పాడు చేసినందుకు నేను బాధపడలేదు. కానీ నోరు విప్పి ఉంటే రెండూ దక్కేవన్న మాటను ఈ రోజుకీ కాదనలేను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. మడికి ఏం వేశామో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఏమీ వేయలేదన్న చోట ఏం పడుతోందో కూడా చూడాలి, అది చూడగలిగేది ఆ మడిలో వంగి పనిచేసేవాళ్లే. కొత్త సారు ఎవరొచ్చినా మొదటి రోజు నేను అడిగింది గూటాల రంగులు కాదు, మరుగుదొడ్డి ట్యాంకులో నీళ్లు ఎవరు నింపిస్తారని. ఒకరిద్దరు మొహం చిట్లించారు. నీళ్లు లేని వారం మేము మళ్లీ బోదె పక్కకే పోతాం కనుక ఆ వారం రాసిన లెక్క చెల్లదని వాళ్లకు చెప్పి, కొడవలి పట్టుకుని పనిలోకి దిగేదాన్ని.