తోడుగా కలిపిన కాపర్ మందు

మా అక్కకు ఉదయగిరి దగ్గర మూడెకరాల నిమ్మతోట ఉండేది. ఉండేది అని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. ఉన్నట్టుండి దానికి గజ్జి తెగులు పట్టింది. ఆకు మీదా కాయ మీదా గోధుమరంగు పొక్కులు లేచి గరుగ్గా బెరడు కడతాయి. అది ఒక బాక్టీరియా చేసే పని. లోపల రసం బాగానే ఉంటుంది గానీ, ఆత్మకూరులో కాయ కొనేవాళ్లు పైతోలు చూసి గోతాం పక్కకు నెట్టేస్తారు.

నేను హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేస్తాను. సరిగ్గా ఆ బాక్టీరియాకే రోగం తెప్పించే వైరస్‌ల నిర్మాణం చూడటం నా పని. వాటిని ఫేజులంటారు. మనిషి జోలికీ చెట్టు జోలికీ రావు. చుట్టాలు అక్కను ఆటపట్టించేవాళ్లు, "నీ తమ్ముడే నిమ్మచెట్ల డాక్టరు గదా, నీకేంది" అని. వాళ్లది ఎగతాళి. అక్క మాత్రం నిజంగానే నమ్మింది.

సెలవుకు వెళ్లినప్పుడు తోటలో మంచం మీద కూర్చుని, మైక్రోస్కోపులో తీసిన ఒక ఫేజు ఫొటో ఫోనులో చూపించాను.

"ఏందిరా ఇది, చెక్కిన రాయి మాదిరి ఉండాది?"

"అది దాని తలక్కా. ఇరవై ముఖాలుంటాయి, ఒక్కో ముఖానికి మూడు మూలలు. లోపల దాని జన్యువంతా దారపుండ మాదిరి కుక్కి ఉంటాది. కింద పొట్టిగా ఉండేది తోక. తోక చివర పోగులుండాయి చూడు, బాక్టీరియా ఒంటిమీద తనకు సరిపోయే చోటు దొరికితేనే అవి అంటుకుంటాయి. అంటుకున్నాక తలలో ఉండేదంతా దాని లోపలికి దిగిపోతాది. లోపల పిల్లలు పుట్టి, ఆ బాక్టీరియా పగిలి చస్తాది."

"వేరే దాంట్లోకి దూరదా?"

"దూరదు."

"మన చుట్టాల కంటే నయమే" అంది అక్క.

నాకు ఉత్సాహం వచ్చింది. పోగులు ఎలా వంగుతాయో చేతివేళ్లతో చూపించాను. ఆ ఫేజును ఆమె తోట మట్టిలోంచే తీశానని గొప్పగా చెప్పాను. అన్నీ విని, "అయితే నాకు తెచ్చియ్యి" అంది.

కుదరదని చెప్పాల్సింది. దాన్ని ల్యాబు దాటించకూడదు, తోటలో పనిచేస్తుందని ఎవరూ తేల్చలేదు. కానీ అక్క అడిగితే కాదనే దమ్ము నాకు చిన్నప్పటి నుంచీ లేదు. తరువాతి నెల ఐసుపెట్టెలో క్యాను పెట్టుకుని, ఆత్మకూరులో బస్సు మారి తెచ్చి ఇచ్చాను. ఎండ తగిలితే చెడిపోతుంది, పొద్దు వాలాక కొట్టించమన్నాను. డ్రమ్ములో మిగిలింది, తరువాత ల్యాబులో చూడొచ్చని, ఒక సీసాకు పోసి దాచమన్నాను. మందు కొట్టే మనిషి గురువారం గానీ దొరకడన్నారు. నా సెలవు మంగళవారంతో సరి. వచ్చేశాను.

మా వైపు ఏ మందునూ విడిగా కొట్టరు. నీళ్లు దూరం, మనిషి దొరకడం కష్టం. అందుకని పురుగుమందు, తెగులుమందు, బలంమందు అన్నీ ఒకే డ్రమ్ములో పోసి, కర్రతో తిప్పి ఒకేసారి కొట్టేస్తారు. ఇది నాకు తెలియనిదా? ఆ కర్ర తిప్పుతూ పెరిగినవాణ్ణే. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వానలు పడి కొత్త చిగురు వచ్చింది. చిగురుతో పాటే పొక్కులూ వచ్చాయి. అక్క ఫోను చేసి చెబుతుంటే, నాకు అప్పుడు తట్టింది.

"అక్కా, దాంట్లో ఏమన్నా కలిపినావా?"

"కాపర్ మందు వేసినాను. నీది ఒక్కటే ఏం చేస్తాదిలే పాపం, తోడుండనీ అని ఒక పిడికిలి ఎక్కువే వేసినాను."

కాపర్ బాక్టీరియాకు ఎంత విషమో ఫేజుకూ అంతే. వెళ్లి ఆమె దాచిన సీసా తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. తలలన్నీ రసం పిండేసిన నిమ్మడిప్పల్లా ఖాళీగా ఉన్నాయి. చాలావాటికి తోకలు ఊడిపోయాయి. ఎంత వెతికినా నిండుగా ఉన్నది ఒక్కటీ దొరకలేదు. ఆ తోక పొడవు కొలవడానికి నాకు మూడేళ్లు పట్టింది. కాపర్ కలపకపోయి ఉంటే తోట బతికేదా అంటే, అదీ చెప్పలేను. ఏదీ చెప్పలేకపోవడమే నా చదువుకు మిగిలింది.

మళ్లీ ఊరు వెళ్లినప్పుడు, ఆ సీసాలోవాటికి తీసిన ఫొటో చూపించమంది అక్క. చాలాసేపు చూసింది.

"వీటికి తోకలేవిరా?"

"ఊడిపోయినాయి. కాపర్ పడదక్కా వాటికి."

"తోక గురించి అంతసేపు చెప్పినావు గదరా. ఈ మాటొక్కటి చెప్పకపోతివే."

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వచ్చే ఏడు మళ్లీ తెస్తానక్కా అన్నాను. అప్పటికే మా బావ జేసీబీకి చెప్పేశాడు. చెట్లు తీసేసి కంది వేస్తారట.

మరునాడు పొద్దున జేసీబీ వచ్చింది. కాపుకొచ్చిన చెట్లను ఒక్కొక్కటే వేళ్లతో సహా పైకి లాగుతుంటే, నేనూ అక్కా గట్టు మీద నిలబడి చూశాం. చెయ్యడానికి నాకు పని లేదు. ల్యాబుకు మట్టి పట్టుకెళ్లడానికి అలవాటు కొద్దీ చొక్కా జేబులో ఉంచుకునే ఖాళీ ట్యూబు చేతిలోకి వచ్చింది. సిగ్గేసి మళ్లీ జేబులో పెట్టుకోబోయాను. అక్క చూసింది.

"తియ్యిరా, ఈ మట్టి నీకైనా పనికొస్తాది" అని ట్యూబు అందుకుని గట్టు దిగింది. పడిపోయిన చెట్టు దగ్గర కూర్చుని, దాని వేళ్లకు అంటుకున్న మట్టిని గోటితో గీకి నింపి, మూత పెట్టి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"దీంట్లో నేనేమీ కలపలేదులే" అంది.